హంప్టీ డంప్టీ మరమ్మతు డైరీ: 1947 నాటి గాట్‌లీబ్ పిన్‌బాల్ యంత్రం

జనవరి, మొదటి వారం

షికాగోకు పశ్చిమాన ఉన్న ఒక శివారు ఊళ్లో, పాత ఇంటి నేలమాళిగలో ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న పిన్‌బాల్ యంత్రం (వాలు బల్ల మీద బంతిని దొర్లించి పాయింట్లు సంపాదించే ఆట) ఈ వారం మా గ్యారేజీకి చేరింది. డి. గాట్‌లీబ్ అండ్ కంపెనీ 1947 అక్టోబరులో విడుదల చేసిన 'హంప్టీ డంప్టీ' ఇది. విద్యుత్తుతో పనిచేసే ఫ్లిప్పర్లు (ఆటగాడు బటన్ నొక్కితే బంతిని తిప్పికొట్టే చిన్న చేతులు) పెట్టిన తొలి పిన్‌బాల్ ఆట ఇదే. దీనికి రూపకల్పన చేసినవారు హ్యారీ మాబ్స్, బొమ్మలు వేసినవారు రాయ్ పార్కర్. మొత్తం 6,500 యంత్రాలు తయారయ్యాయి. అవన్నీ షికాగోలోని నార్త్ కోస్ట్‌నర్ అవెన్యూ 1140 నంబరులో ఉన్న కంపెనీ నుంచే బయటికి వెళ్లాయి. అంటే ఈ యంత్రం తాను పుట్టిన చోటికి ఇప్పటికీ కారులో వెళ్లగలిగినంత దూరంలోనే ఉంది.

కాళ్లు, పక్క పట్టీలు అన్నీ చెక్కవే. వెనక కుడి కాలు అడుగున చెమ్మ తగిలి చెక్క పొరలు విడిపోయింది. రబ్బరు రింగుల్లో కొన్ని గట్టిపడి ముట్టుకుంటే విరిగిపోతున్నాయి, కొన్ని మేకులకు జిగురులా అంటుకుపోయాయి. నిలువు పెట్టె ముందున్న బొమ్మల అద్దానికి లోపలి వైపు, కింది మూలన రంగు పొలుసులుగా లేచింది. అయినా తీగల కట్టను ఎవరూ కత్తిరించలేదు, ఆరు ఫ్లిప్పర్లూ ఉన్నాయి, నాణెం తోసే పట్టీ కూడా మొదటిదే. ఈ వయసు యంత్రం ఇంత పూర్తిగా దొరకడం నిజంగా అదృష్టం.

పని మొదలుపెట్టకముందే ఒక నియమం పెట్టుకున్నాను. ప్రమాదకరమైనదాన్ని మారుస్తాను, విరిగినదాన్ని అతికిస్తాను, మిగతా ప్రతి భాగాన్నీ దాని సొంత సామానుతోనే నడిపిస్తాను. దీన్ని ఇప్పటి యంత్రాలంత చురుగ్గా ఆడించడం నా ఉద్దేశం కాదు. 1947లో గాట్‌లీబ్ వారు ఏ ఆటను అమ్మారో, ఆ ఆటనే మళ్లీ చూడాలి.

జనవరి, రెండో వారం

ముందు కరెంటు సంగతి. గోడకు తగిలించే తీగ మీది గుడ్డ తొడుగు చీకిపోయి, లోపలి రబ్బరు పెళుసెక్కి, రెండు చోట్ల రాగి బయటికి కనిపిస్తోంది. ఫ్యూజు ఉండవలసిన చోట ఎప్పుడో ఎవరో వెండి కాగితం చుట్టి పెట్టారు. ఇలాంటి యంత్రాన్ని ఇంటికి తెచ్చిన వెంటనే "వెలుగుతుందో లేదో చూద్దాం" అని ప్లగ్గు పెట్టే అలవాటు చాలామందికి ఉంది. అది ప్రాణాల మీదికి తెచ్చే పని కనుక ఇంత గట్టిగా రాస్తున్నాను: తీగ, ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మరు చూడనిదే పాత యంత్రానికి కరెంటు ఇవ్వకూడదు.

మూడు పిన్నుల కొత్త తీగ వేసి, ఎర్తును ట్రాన్స్‌ఫార్మరు చట్రానికీ, ఆటగాడి చేతికి తగిలే లోహపు భాగాలన్నిటికీ కలిపాను. ప్రధాన తీగకు ఒక ఫ్యూజు కొత్తగా చేర్చాను. ట్రాన్స్‌ఫార్మరును మిగతా యంత్రం నుంచి విడదీసి, దానికి మాత్రమే కరెంటు ఇచ్చి, వేడెక్కుతుందేమోనని చేయి దగ్గర పెట్టుకుని చాలాసేపు గమనించాను. అది చల్లగానే ఉంది, బల్బులకు వెళ్లే కొస దగ్గర ఆరు వోల్టులకు కాస్త పైన చూపిస్తోంది.

జనవరి, మూడో వారం

తీగల పటం చూసుకుంటూ కూర్చున్న ఈ వారంలో చేతిపని తక్కువ, చదువు ఎక్కువ. ఈ యంత్రంలో ఒక్కో భాగం ఎందుకు అలా ఉందో తెలియాలంటే దాన్ని చేసిన కంపెనీ ఎలా వచ్చిందో తెలిసి ఉండాలి.

డేవిడ్ గాట్‌లీబ్ 1927లో షికాగోలో కంపెనీ పెట్టారు. 1931లో ఆయన తెచ్చిన 'బాఫుల్ బాల్' బల్ల మీద పెట్టుకునే చిన్న పెట్టె. కరెంటు లేదు, అంకెలు లేవు. ప్లంజర్ (స్ప్రింగు కడ్డీ) లాగి బంతిని వదలడం, అది మేకుల మధ్య దొర్లి ఏ గుంటలో పడుతుందో చూడడం, లెక్క మనసులో కట్టుకోవడం, అంతే ఆట. ఒక సెంటు వేస్తే ఆడవచ్చు, యంత్రం ధర 17.50 డాలర్లు. అది మహా మాంద్యం నాటి అమెరికా. పని లేక, చేతిలో చిల్లర తప్ప లేని మనుషులకు ఒక సెంటుకు కాసేపు కాలక్షేపం దొరికింది. కొట్టువాడికి పెట్టిన డబ్బు త్వరగా తిరిగి వచ్చింది. యాభై వేలకు పైగా అమ్ముడైన ఆ పెట్టెను కంపెనీ అడిగినవారందరికీ అందించలేకపోయింది. దాన్ని అమ్మే వ్యాపారంలో ఉన్న రేమండ్ మొలోనీ, సరుకు చాలక, 1932లో 'బాలీహూ' అనే సొంత ఆట తయారు చేయించారు. బాలీ కంపెనీకి ఆ పేరు ఆ ఆట నుంచే వచ్చింది. ఒక తయారీదారు సరఫరా చేయలేకపోవడం వల్ల మరో పెద్ద తయారీదారు పుట్టడం నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటె ఆసక్తికరంగా తోస్తుంది.

1933లో లాస్ ఏంజెలెస్‌లో హ్యారీ విలియమ్స్ 'కాంటాక్ట్' అనే ఆటలో కరెంటుతో బంతిని బయటికి తన్నే గుంటను పెట్టారు. తర్వాత గంటలు, బల్బులు, బంతి తగిలే స్ప్రింగు బంపర్లు వచ్చాయి. కాని బంతి ప్లంజర్ దాటాక ఆటగాడి చేతిలో మిగిలేది యంత్రాన్ని మెల్లగా కుదపడం ఒక్కటే. అందుకే ఇది నైపుణ్యమా, జూదమా అన్న ప్రశ్న నగరపాలకులకు సులువుగా దొరికింది. 1942 జనవరిలో న్యూయార్క్ మేయర్ లాగార్డియా పిన్‌బాల్‌ను నిషేధించి, పట్టుకున్న యంత్రాలను తానే సుత్తితో పగలగొట్టి చూపించారు. ఆ నిషేధం 1976 దాకా సాగింది. యుద్ధకాలంలో కొత్త యంత్రాల తయారీ కూడా ఆగిపోయింది. యుద్ధం ముగిశాక అదే పాత అనుమానం నీడలో వ్యాపారం మళ్లీ మొదలుపెట్టిన గాట్‌లీబ్ కంపెనీ, ఆటగాడు బంతిని తన ఇష్టప్రకారం తిప్పికొట్టగలిగే ఒక సాధనాన్ని అమ్మకానికి తెచ్చింది. ప్రకటనల్లో దానికి 'ఫ్లిప్పర్ బంపర్లు' అని పేరు పెట్టుకుంది.

ఫిబ్రవరి, మొదటి వారం

ఈ యంత్రానికి మెదడు లేదు, రిలేలున్నాయి, అంటే కరెంటుతో కదిలే స్విచ్చులు. బంతి ఒక బంపర్‌కు తగిలితే ఒక పలచని ఇత్తడి రేకు మరో రేకును ముట్టుకుంటుంది. ఆ ముట్టుకోవడంతో ఒక రిలే లాగుతుంది. ఆ రిలే మరికొన్ని రేకులను కలిపి, స్టెప్పర్ అనే పళ్ల చక్రాన్ని ఒక పన్ను ముందుకు తోస్తుంది. చక్రంతో పాటు తిరిగే ఇత్తడి వేళ్లు గోధుమరంగు బేకలైట్ పలక మీది రివెట్ల మీదుగా జరిగి, అద్దం వెనక తగిన అంకె బల్బును వెలిగిస్తాయి. లెక్కంతా అలా బల్బుల్లోనే కనిపిస్తుంది. అంకెల చక్రాలు తర్వాతి దశాబ్దంలో గాని రాలేదు.

ఆదివారం నాడు మా వీధిలోనే ఉండే స్నేహితుడి నాన్నగారు, రాజమండ్రి నుంచి కొడుకు దగ్గరికి వచ్చినవారు, గ్యారేజీలోకి తొంగి చూశారు. ఆయన టెలిఫోను శాఖలో, ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజీలు రాకముందు, ఆపరేటరు లేకుండా పళ్ల చక్రాలే నంబరు కలిపే స్ట్రోజర్ ఎక్స్‌ఛేంజీలో మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యారు. స్టెప్పర్‌ను చూడగానే కళ్లజోడు సవరించుకుని, "ఇది మా యూనిసెలెక్టరే కదా బాబూ!" అన్నారు.

"దాదాపు అదే, బాబాయ్ గారూ. అక్కడ నంబరు కలిపేది, ఇక్కడ పాయింట్లు కలుపుతుంది."

ఆ పోలిక ఊరికే వచ్చింది కాదు. స్ట్రోజర్ పద్ధతి తొలి ఎక్స్‌ఛేంజీ 1892లో, షికాగోకు అంత దూరం కాని ఇండియానాలోని లాపోర్ట్ ఊళ్లో మొదలైంది. ఆ పరికరాలు చేసిన ఆటోమేటిక్ ఎలక్ట్రిక్ కంపెనీ షికాగోదే. రిలేలు, కాయిళ్లు (తీగచుట్ల విద్యుదయస్కాంతాలు) చుట్టే పని తెలిసిన నగరంలోనే పిన్‌బాల్ పరిశ్రమ అంతా గుమికూడడంలో ఆశ్చర్యం లేదు.

నా చేతిలో ఉన్న సన్న ఎమరీ కాగితం చూసి ఆయన తల అడ్డంగా ఊపారు. "కాంటాక్టుకి ఎమరీ పెట్టొద్దు బాబూ. మసి పోవాలి గాని లోహం అరగకూడదు. ఎమరీ గరుకు అందులో మిగిలిపోయి రేపు మళ్లీ మంటేసుకుంటుంది." తర్వాత ఒక తెల్ల కార్డు ముక్కను సన్నని పట్టీగా కత్తిరించి, స్పిరిట్‌లో ముంచి, కాంటాక్టు రేకుల రెండు మొనల మధ్య దూర్చి, పైరేకును గోటితో నెమ్మదిగా నొక్కి పట్టుకుని పట్టీని బయటికి లాగారు. పట్టీ మీద నల్లటి గీత పడింది. అది పడనిదాకా అలాగే లాగాలన్నారు. మొన బాగా గుంటపడిన చోట మాత్రమే నున్నటి బర్నిషర్ (లోహాన్ని నునుపు చేసే పట్టీ) వాడాలట. ఆయన చూపించిన రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది: రెండు మొనలు ముట్టుకున్న తర్వాత కూడా రెండో రేకు ఒక వెంట్రుకవాసి వెనక్కి వంగాలి. ఆ కాస్త వంపులో మొన మొన మీద రాసుకుని తన్ను తాను శుభ్రం చేసుకుంటుంది. వంపు లేకుండా అంచుల దగ్గర ముట్టుకుని ఆగిపోయే కాంటాక్టు ఈ రోజు పనిచేసినా వచ్చే నెల మొరాయిస్తుంది.

మిగతా వారమంతా ఆ పద్ధతిలోనే రేకులు సరిచేశాను. స్టెప్పర్లలోని పాత గ్రీజు మైనంలా గడ్డకట్టి, ఆట మొదట్లో చక్రాన్ని సున్నాకు తిప్పవలసిన స్ప్రింగు దాన్ని కదిలించలేకపోతోంది. ప్రతిదాన్నీ విప్పి, స్పిరిట్‌తో కడిగి, ఇరుసుకు మాత్రం ఒక్క చుక్క నూనె వేసి బిగించాను. స్ప్రింగును ఒక్క చుట్టు కూడా అదనంగా బిగించలేదు. గ్రీజు పోయాక దాని మొదటి బిగువే సరిపోయింది. స్ప్రింగు బలహీనపడిందని బిగించేసేవారు ఇక్కడ కాస్త ఓపిక పట్టాలని నా మనవి, ఎందుకంటే స్ప్రింగు ఎక్కువ బిగిస్తే ఆ బరువంతా చక్రాన్ని ముందుకు తోసే కాయిల్ మీద పడుతుంది.

ఫిబ్రవరి, చివరి వారం

ఇక ఫ్లిప్పర్లు. ఈ యంత్రాన్ని తెచ్చుకున్నదే వాటికోసం.

ఆరు ఫ్లిప్పర్లున్నాయి, ఎడమన మూడు, కుడిన మూడు, ఒకదాని పైన ఒకటి, ఆటబల్ల రెండు అంచుల వెంబడి. ఇప్పటి యంత్రాల్లో అడుగున నడిమధ్యకు చూస్తూ ఉండే జత ఇందులో లేదు. ఇవి బయటి వైపుకు తిరిగి ఉంటాయి. ఒక్కో దాని కింద ఒక కాయిల్, దానిలో ఆడే ఇనుప కడ్డీ, కడ్డీని ఫ్లిప్పర్ ఇరుసుతో కలిపే లింకు, వెనక్కి లాగే స్ప్రింగు ఉంటాయి.

ఎడమ వైపు మధ్య ఫ్లిప్పర్ ఉలకలేదు, పలకలేదు. మల్టీమీటరు పెడితే కాయిల్‌లో దారి తెగినట్టు తేలింది. ఇలాంటి సందర్భంలో చాలామంది కాయిల్‌ను పారేస్తారు. కాని ఏళ్ల తరబడి కుదుపులు తిన్న కాయిల్ చాలాసార్లు చుట్ల లోపల తెగదు, చుట్టు తీగ బయటి కొక్కేనికి అంటించిన చోట తెగుతుంది. పైకాగితాన్ని బ్లేడుతో జాగ్రత్తగా ఎత్తి చూస్తే సరిగ్గా అక్కడే, టంకం పక్కన, వెంట్రుకంత తీగ విరిగి నిలబడి ఉంది. బయటి చుట్టును ఒక్కటి విప్పి, కొస మీది వార్నిషును గీకి రాగి మెరిసేలా చేసి, కొక్కేనికి రెండు మెలికలు తిప్పి టంకం పెట్టాను. మీటరు ముల్లు కదిలింది. పక్క ఫ్లిప్పర్ కాయిల్‌తో పోల్చి చూస్తే రెండూ దాదాపు ఒకే నిరోధం చూపిస్తున్నాయి. వందల చుట్లలో ఒక్కటి తగ్గితే ఆటలో తేడా రాదు. కాగితాన్ని మళ్లీ చుట్టి పత్తి దారంతో కట్టాను.

మిగతా ఐదింటిలో కడ్డీల కొసలు, లెక్కలేనన్ని సార్లు అడుగుకు కొట్టుకుని, పుట్టగొడుగు గొడుగులా అంచు విచ్చుకున్నాయి. ఆ అంచు గొట్టంలో రాసుకుని కడ్డీ నెమ్మదిస్తుంది. ఆకురాయితో అంచు మాత్రం తీసి, కొసను అలాగే ఉంచి, గొట్టం లోపల పొడిగుడ్డతో తుడిచాను. ఇక్కడ నూనె వేయకూడదు. దుమ్ము పట్టి మళ్లీ అదే జిగురవుతుంది.

అన్నీ సరిచేశాక కూడా ఫ్లిప్పర్లు బలహీనంగానే ఉన్నాయి. బంతిని అడుగు నుంచి పై కొసకు ఒక్క దెబ్బతో కొట్టలేవు. ఈ యంత్రం చూడడానికి వచ్చిన అభిరుచిపరులు ఇద్దరు ఒకే సలహా ఇచ్చారు: ట్రాన్స్‌ఫార్మరుకూ ఫ్లిప్పర్ల తీగకూ మధ్య ఒక బ్రిడ్జి రెక్టిఫయర్ పెట్టి ఏసీని డీసీ చేస్తే దెబ్బ బలం పెరుగుతుందని. అది నిజమే. ఇక్కడి ఏసీ కరెంటు సెకనుకు 120 సార్లు సున్నాకు దిగి లేస్తుంది. ప్రతిసారీ కాయిల్ పట్టు సడలి మళ్లీ బిగుస్తుంది, పైగా కాయిల్ తన స్వభావం చేతనే ఏసీని కొంత అడ్డుకుంటుంది. డీసీ అయితే ఆ సడలింపూ లేదు, ఆ అడ్డూ లేదు. చేయవలసింది నాలుగు తీగల పని.

అయినా నేను ఆ పని చేయడం లేదు. మొదటి కారణం యాంత్రికమైనది. ఏసీ సున్నాకు దిగినప్పుడల్లా కాంటాక్టుల మధ్య పుట్టిన మెరుపు దానంతట అదే ఆరిపోతుంది. డీసీలో అది ఆరదు, కనుక నేను వారాల తరబడి కాపాడుకున్న మొనలు తొందరగా కాలిపోతాయి. రెండో కారణం ఆటకు సంబంధించినది, నాకు అదే ముఖ్యం. ఈ ఆటలో ఆరు ఫ్లిప్పర్లు ఉండడానికి హేతువే వాటి బలహీనత. అడుగు జత బంతిని మధ్య జత దాకా ఎక్కించగలదు, మధ్య జత పై జత దాకా ఎక్కించగలదు. ఆటగాడు బంతిని మెట్టు మెట్టుగా పైకి చేరవేయాలి. ఒక్కో ఫ్లిప్పర్‌కు మూడింతల బలం ఇస్తే పై నాలుగూ అలంకారాలవుతాయి, మాబ్స్ వేసిన అమరికకు అర్థం పోతుంది. బలమైన ఫ్లిప్పర్‌కు వేరే ఆట కావాలి. ఆ ఆట కూడా వెంటనే వచ్చింది. 1948లో జెన్కో కంపెనీలో స్టీవ్ కోర్డెక్ 'ట్రిపుల్ యాక్షన్' చేసినప్పుడు డీసీ వాడి, రెండే రెండు ఫ్లిప్పర్లను అడుగున పెట్టారు. ఇప్పటి యంత్రాల అమరికకు దారి అటు నుంచే పడింది. ఆ గొప్పతనం ఆయనది. దాన్ని తెచ్చి ఈ యంత్రానికి తగిలిస్తే రెంటిలో ఏ ఒక్కటీ మిగలదు.

గాట్‌లీబ్ వారు కూడా ఆ ఏడాది 'లేడీ రాబిన్ హుడ్', 'సిండ్రెల్లా', 'జాక్ అండ్ జిల్', 'అలీ బాబా' వంటి ఆటలను ఇదే ఆరు ఫ్లిప్పర్ల పద్ధతిలో వరుసగా తెచ్చారు. మిగతా కంపెనీలైతే తయారీలో ఉన్న ఆటలకు హడావిడిగా ఫ్లిప్పర్లు బిగించి పంపాయి. కొట్లలో ఉన్న పాత యంత్రాలకు కూడా వాటిని చేర్చారు. అలాంటివాటిలో ఫ్లిప్పర్ ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చుని ఉంటుంది. హంప్టీ డంప్టీలో మాత్రం ఆటబల్ల మొత్తం ఫ్లిప్పర్ల చుట్టూ ఆలోచించి గీసినట్టు తెలిసిపోతుంది.

మార్చి, మొదటి వారం

బొమ్మల అద్దం. లేచిన రంగు పొలుసులను మళ్లీ అంటించే ప్రయత్నం చేయలేదు. పారదర్శకమైన పూతను పలచగా, పొరలుగా, వెనక వైపు మాత్రమే చల్లి, ఉన్న రంగు ఇక రాలకుండా ఆపాను. పోయిన మేర పోయినట్టే ఉంటుంది. రాయ్ పార్కర్ గీత మీద నా కుంచె పెట్టే సాహసం నాకు లేదు. ఆ మూల వెనకున్న బల్బుల్లో వేడి ఎక్కువ ఇచ్చేవాటిని తీసి తక్కువ వేడిమివి పెట్టాను.

మార్చి, మూడో వారం

ఆటబల్లను నాఫ్తా (పెట్రోలియం ద్రావకం) తడిపిన మెత్తని గుడ్డతో తుడిచాను. నీళ్లు తగిలితే ప్లైవుడ్ ఉబ్బుతుంది. దశాబ్దాల మసి కింద నుంచి రంగులు బయటపడ్డాయి. బంతి ఎక్కువగా తిరిగే దారుల్లో రంగు అరిగి చెక్క కనిపిస్తోంది. అక్కడ మైనం మాత్రమే పట్టించాను. కొత్త రబ్బరు రింగులన్నీ పాతవాటిలాగే తెల్లనివే వేశాను.

ఇందులోని బంపర్లు తగిలితే లెక్క చూపించేవే తప్ప బంతిని ఎదురు తన్నేవి కావు. అలా తన్నే బంపర్ 1948లో విలియమ్స్ కంపెనీ 'సారటోగా'తో వచ్చింది. అందువల్ల ఈ ఆటలో బంతికి వేగం ఇచ్చేవాటిలో ముఖ్యమైనవి ఆటగాడి ప్లంజర్, ఫ్లిప్పర్లు. ఇది తెలియకుండా ఆడినవారికి యంత్రం నీరసంగా ఉందనిపిస్తుంది. తెలిసి ఆడితే, తన చేయి ఎంత పని చేస్తోందో తెలుస్తుంది.

వాలు విషయంలో చాలా సేపు పట్టింది. కొత్త యంత్రాలకు ఆరు, ఆరున్నర డిగ్రీల వాలు పెడతారు. ఈ ఫ్లిప్పర్లకు అంత ఎత్తు మోసే శక్తి లేదు. వెనక కాళ్ల మరలు తగ్గిస్తూ వచ్చి, మూడున్నర డిగ్రీల దగ్గర ఆపాను. అక్కడ అడుగు ఫ్లిప్పర్ సరైన క్షణంలో కొడితే బంతి మధ్య ఫ్లిప్పర్ మీదుగా దాటి పోకుండా దాని దగ్గరికే చేరుతోంది.

శనివారం సాయంత్రం బాబాయ్ గారు మొదటి ఆట ఆడారు. నాణెం పట్టీ 5 సెంట్ల నికెల్‌కు చేసినది. నికెల్ పరిమాణం అప్పటికీ ఇప్పటికీ మారలేదు కనుక జేబులోని నాణెమే సరిపోయింది. పట్టీని లోపలికి తోయగానే అడుగు పలక జరిగి ఐదు బంతులూ గలగల కిందికి దిగాయి, స్టెప్పర్లు ఒక్కొక్కటిగా సున్నాకు తిరిగాయి. కుడి చేతి కింది కడ్డీని తోసి బంతిని దారిలోకి ఎత్తుకోవడం ఆయనకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. మొదటి రెండు బంతులూ తిన్నగా జారిపోయాయి. మూడోదాన్ని కుడి అంచున మూడు ఫ్లిప్పర్ల మీదుగా పై దాకా ఎక్కించారు. "తొందరపడితే ఎక్కదు, ఆలస్యమైతే జారుతుంది," అన్నారు, కళ్లు బంతి మీంచి తీయకుండానే. అద్దం వెనక ఒక అంకె వెలగవలసిన చోట వెలగలేదు. అది బల్బు సాకెట్ లోపం.

మిగిలిన పనులు రాసి ఉంచుతున్నాను. ఆ సాకెట్‌ను విప్పి టంకం పెట్టాలి. టిల్ట్ గుండును (యంత్రాన్ని ఎక్కువ కుదిపితే ఆట ఆపే వేలాడే గుండును) వలయం మధ్యలోకి తేవాలి, ఇప్పుడు అది ఒక పక్కకు ఒరిగి చిన్న కుదుపుకే ఆట ఆపేస్తోంది. వెనక కుడి కాలి పొరల మధ్య సరేసు నింపి, బిగింపు పెట్టి, ఆరేదాకా యంత్రం కింద దిమ్మె ఉంచాలి. కాలు సరయ్యాక వాలు మళ్లీ కొలవాలి.